బిడ్డకి వినపడట్లేదని డౌటా? ఓఏఈ టెస్టు నుంచి కనెక్సిన్ 26 రిపోర్టు దాకా ఏం చెయ్యాలంటే

మన నెల్లూరు, ఒంగోలు వైపు బిడ్డ పిలిస్తే తిరగట్లేదంటే ఇంట్లో పెద్దోళ్ళు ముందు అనే మాట, వాళ్ళ నాయనా మూడేళ్ళకి గానీ మాట్లాడలేదు, వాడే మాట్లాడతాడులే అని. ఇంకో మాట, మా వంశంలో చెవిటోళ్ళు ఎవురూ లేరు గదా అని. ఈ రెండూ నమ్మి కూర్చోబాకండి. పుట్టుచెవుడు ఉన్న పిలకాయల్లో చానామందికి అమ్మానాన్నలు ఇద్దరూ బాగా వినగలిగినోళ్ళే, అదెట్టాగో కింద చెప్తా.

పళ్ళెం మీద గరిటెతో కొట్టి బిడ్డ ఉలిక్కిపడింది, చెవులు బాగున్నాయి అనుకుంటారు. అది టెస్టు కాదండీ. ఆ అదురు మంచంలోంచి ఒంటికి తగులుతుంది, మీ చెయ్యి కదలడం కంటికి కనపడుతుంది, పైగా పెద్ద చప్పుడు వినపడినంత మాత్రాన మాటలు వినపడతన్నట్టు కాదు.

చేపిచ్చాల్సింది ఓఏఈ. బిడ్డకి కడుపునిండా పాలిచ్చి నిద్రపుచ్చి తీసకపోండి, మెత్తటి రబ్బరు మొన ఉన్న చిన్న ప్రోబ్ చెవిలో పెడతారు, అది సన్నగా శబ్దం పంపి లోపలి నుంచి వచ్చే బదులు శబ్దాన్ని పట్టుకుంటది, సూది లేదు నొప్పి లేదు, బిడ్డ కదలకుండా ఉంటే నిమిషాల్లో అయిపోతది. రిపోర్టులో పాస్ అనో రిఫర్ అనో వస్తది. రిఫర్ అంటే చెవుడని కాదు, పుట్టిన కొత్తలో చెవిలో తడి, మురికి ఉన్నా అట్టనే వస్తది, అందుకని మళ్ళీ చేస్తారు. రెండోసారీ రిఫరే వస్తే బెరా చేపిచ్చాలి, ఇందులో నుదుటి మీద, చెవుల ఎనక చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి శబ్దం నరం గుండా మెదడు దాకా పోతందా లేదా చూస్తారు. ఐసీయూలో పెట్టిన బిడ్డలకి ఓఏఈ పాస్ అయినా సరే బెరా చెయ్యమని మీరే అడగండి, ఎందుకంటే నరంలో లోపం ఉంటే ఓఏఈకి దొరకదు.

లెక్క గుర్తుపెట్టుకోండి: 1వ నెల లోపల స్క్రీనింగ్, 3వ నెల లోపల ఖాయం చేసుకోవడం, 6వ నెల లోపల వినికిడి మిషనో ట్రీట్‌మెంటో మొదలవ్వడం. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి పక్క పల్లెల్లో ఉన్నోళ్ళు ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం కింద పంపమని అడిగితే పెద్దాసుపత్రికి రాసిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, కనెక్సిన్ 26 అంటే ఏందో. చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటది, అందులో కణాలకి శబ్దం తగిలినప్పుడల్లా పొటాషియం లోపలికి దూరుద్ది, ఆ పొటాషియం మళ్ళీ బయటికి పోయి మొదటి చోటికి చేరితేనే తర్వాత శబ్దం వినపడేది. అది పోయే దారి పక్కపక్క కణాల గోడల మధ్య సన్నటి సొరంగాల్లో ఉంటది, వీటినే గ్యాప్ జంక్షన్లు అంటారు. కనెక్సిన్ అనే ప్రొటీన్లు ఆరు కలిసి ఒక సగం అవుద్ది, పక్క కణం నుంచి ఇంకో సగం వచ్చి అతుక్కుంటే సొరంగం పూర్తి. మనుషుల్లో కనెక్సిన్ జీన్లు 21 ఉన్నాయి, వాటి నంబర్లు వరుస లెక్క కాదు, ప్రొటీన్ బరువుని బట్టి పెట్టినవి. గుండెలో 43 నంబరుది కరెంటు ఒక కణం నుంచి ఇంకో కణానికి దాటిస్తది, నరాల్లో 32 చెడితే కాళ్ళు చేతులు బలహీనపడే జబ్బు, కంటి లెన్సులో 46, 50 చెడితే పుట్టు శుక్లాలు. చెవిలో ముఖ్యమైంది 26, దాని జీన్ పేరు జీజేబీ2. ఇది చెడితే చెవుడొస్తదని 1997లో తేలింది.

చెవుడు ఖాయమై, వేరే కారణం కనపడకపోతే ఈ జీన్ టెస్టు గురించి డాక్టర్ని అడగండి. కొద్దిగా రక్తం చాలు, చిన్న జీన్ కాబట్టి చదవడం తేలిక. మన దేశంలో ఎక్కువగా కనపడే మార్పు డబ్ల్యూ24ఎక్స్, అంటే ప్రొటీన్ గొలుసు 24వ ముక్క దగ్గరే తెగిపోతది. రిపోర్టులో హోమోజైగస్ అని ఉంటే అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి వచ్చిన రెండు కాపీల్లోనూ ఆ మార్పే ఉంది, కారణం దొరికినట్టే. హెటిరోజైగస్ అని ఒకే మార్పు ఉంటే అదే కారణమని మీరే తేల్చుకోబాకండి, ఊరికే క్యారియర్, అంటే ఒక కాపీలోనే మార్పు ఉన్న బిడ్డ అయ్యుండొచ్చు, జెనెటిక్ కౌన్సెలర్‌కి చూపియ్యాల.

క్యారియర్‌కి చెవులు బాగానే ఉంటాయి. అందుకే వంశంలో ఎవురూ లేరు అన్న మాటకి విలువ లేదు, అమ్మానాన్న ఇద్దరూ క్యారియర్లు అయితే ప్రతి కాన్పుకీ 4లో 1 వంతు ఛాన్సు, మొదటి బిడ్డకి వచ్చింది గదా రెండో బిడ్డకి రాదు అనే లెక్క కుదరదు. మేనమామ, మేనబావ సంబంధాలు మన వైపు ఎక్కువ, ఒకే తాత నుంచి అదే మార్పు రెండు వైపులా వచ్చే వీలు ఎక్కువ. దీన్ని పట్టుకోని కోడల్ని తిట్టే ఇళ్ళున్నాయి, అది చాలా అన్యాయం, ఒక కాపీ నాయన దగ్గర్నుంచి కూడా వచ్చిందే గదా.

కారణం కనెక్సిన్ 26 అని తేలితే ఒక మంచి మాట ఉంది. చెడింది కాక్లియా లోపల, వినికిడి నరం మామూలుగా బాగుంటది, అందుకే ఈ పిలకాయలకి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి కాక్లియాలో పెట్టి నరానికి నేరుగా సిగ్నల్ ఇచ్చే పరికరం, చిన్నప్పుడే పెడితే బాగా పనిచేస్తది. ముందు హియరింగ్ మిషన్ పెట్టి చూస్తారు, సరిపోకపోతే ఆపరేషన్. ఆపరేషన్‌కి ముందు న్యూమోకోకల్ టీకా తప్పకుండా వేపిచ్చండి, ఇంప్లాంట్ ఉన్నోళ్ళకి మెదడు పొరల జ్వరం ప్రమాదం కాస్త ఎక్కువ. ప్రభుత్వ స్కీముల్లో వయసు హద్దు ఉంటది, అందుకే బెరా రిపోర్టు చేతికి రాగానే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి ఏ కాగితాలు కావాలో రాపిచ్చుకోండి. ఆపరేషన్ తర్వాత మాటల థెరపీ ఏళ్ళ తరబడి ఉంటది, అది మీకు దగ్గర్లో యాడ దొరుకుద్దో, బయట పెట్టుకునే ప్రాసెసర్‌కి బ్యాటరీ, వైరు పోతే ఎవరిస్తారో సంతకం పెట్టకముందే కనుక్కోండి.