నారుమడి మునిగితే మళ్ళీ విత్తనం ఎక్కడిది? మెరక ఊళ్ళతో కలిసి దాచుకునే పద్ధతి

2022 జూలైలో గోదావరికి వరద వచ్చినప్పుడు మా నారుమడి తొమ్మిది రోజులు నీళ్ళలోనే ఉంది. మాది కోనసీమలో అల్లవరం వైపు, కాలువ చివరి శివారు భూములు. సాగునీరు అందరికంటే ఆలస్యంగా మాకు వస్తుంది, పై ఊళ్ళ మురుగంతా మా మీదుగానే సముద్రానికి పోవాలి. నీరు తీశాక చూస్తే నారు కుళ్ళిపోయి వాసన. ఇంటి కింది గదిలో దాచిన రెండు బస్తాల విత్తనం తడిసి మొలకలెత్తింది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిదీ అదే పరిస్థితి, ఎవరిని అడుగుతాం? బజార్లో కొన్నది వందకి యాభై గింజలు కూడా మొలవలేదు. ఆ టెన్షన్‌లో ఉండగా కొత్తపేట దగ్గరున్న మా అక్కయ్య ఫోన్ చేసింది. "మీ బావగారు 1010 రకం విత్తనం నాలుగు బస్తాలు ఉంచారురా, వచ్చి పట్టుకెళ్ళు" అంది. ఆ సార్వా, అంటే వానాకాలం పంటకి, మేం అన్నం తిన్నది ఆ విత్తనంతోనే.

ఆ తర్వాత మా ఊళ్ళో పన్నెండు కుటుంబాలం కూర్చుని, అక్కయ్య వాళ్ళ ఊరి రైతులతో మాట్లాడుకుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. శివారు ఊరు ఏదైనా ఇలా చేసుకోవచ్చు.

మొదట ఊరు వెతుక్కోవాలి. మీరు మునిగిన రోజున మునగని ఊరై ఉండాలి. పక్క ఊళ్ళో దాచుకుంటే ఇద్దరూ కలిసే మునుగుతారు. కనీసం ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు ఎగువన, మెరక మీద, వానాకాలంలో కూడా లారీ వెళ్ళే రోడ్డున్న ఊరు చూడండి. కోనసీమలో ప్రతి ఇంటికీ అలాంటి ఊళ్ళో ఒక వియ్యమో చుట్టరికమో ఉంటుంది. మాట అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

ఎంత దాచాలో లెక్క వేసుకోండి. మా పన్నెండు ఇళ్ళది కలిపి నలభై ఎకరాలు. ఊడ్పుకి ఎకరానికి 25 కేజీల చొప్పున మొత్తం పది క్వింటాళ్ళు కావాలి. అందరి నారూ ఒకేసారి పోవడం అరుదు కాబట్టి సగం, ఐదు క్వింటాళ్ళు దాస్తాం. ఆ మెరక ఊళ్ళో పావెకరం విత్తన మడి బాగా పండితే అది వచ్చేస్తుంది.

రకం దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, దాదాపు 150 రోజుల పంట. జూలై ఆఖర్లో మళ్ళీ పోస్తే కోత డిసెంబరు చివరికి పోతుంది. తుపాన్ల భయం ఒకటి, దాళ్వా, అంటే రబీ వరి, వెనకబడటం ఇంకొకటి. అందుకే దాచేదాంట్లో మూడింట రెండు వంతులు ఎంటీయూ 1010 ఉంచుతాం, అది 120 రోజుల్లో వచ్చేస్తుంది. మిగిలిన వంతు స్వర్ణ, నారు తొందరగా పోయిన ఏడాది కోసం. బాగా పల్లపు చేలున్నవాళ్ళు స్వర్ణ సబ్-1 సంపాదించుకుంటే మంచిది. పూర్తిగా మునిగినా రెండు వారాల దాకా తట్టుకుంటుంది.

ఈ విత్తనాల పుట్టుక తెలిశాక నాకు ధైర్యం పెరిగింది. స్వర్ణ మన పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధనా స్థానంలో పుట్టింది. వశిష్ఠ, మసూరి దాని తల్లిదండ్రులు. మసూరి మలేసియాలో విడుదలైన రకం, దాని సంకరం చేసింది కటక్‌లో. స్వర్ణ ఇక్కణ్ణుంచి బంగ్లాదేశ్, నేపాల్ చేలకు వెళ్ళింది. మునిగినా బతికే గుణాన్ని ఒడిశా పాత రకం నుంచి తీసి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ స్వర్ణలోకి ఎక్కించింది. 2009లో అది మన దేశంలో విడుదలైంది. దక్షిణాసియా కూటమి అయిన సార్క్ దేశాలు కూడా 2007లో ఆహార బ్యాంకుకు, 2011లో విత్తన బ్యాంకుకు ఒప్పందాలు చేసుకున్నాయి. కష్టమొచ్చిన దేశానికి పక్క దేశం గింజ అందించాలనేదే వాటి ఉద్దేశం. దేశాలు ఒప్పుకున్న పనికి అల్లవరం, కొత్తపేట ఎందుకు ఒప్పుకోవు?

మెరక ఊరివాళ్ళకి ఏం దక్కుతుందో ముందే తేల్చుకోవాలి. చుట్టరికం మీద ఒక ఏడాది నడుస్తుంది, రెండో ఏడాదికి మొహమాటం మొదలవుతుంది. మా ఒప్పందం ఇది: చేను వాళ్ళది, పెట్టుబడి మాది. పంటలో ఆరో వంతు విత్తనంగా వాళ్ళే ఉంచుకుంటారు. వాళ్ళ ఊడ్పులప్పుడు మా ఊరి నుంచి మనుషులు వెళ్తారు. ఇదంతా ఒక నోటు పుస్తకంలో రాసి రెండు ఊళ్ళ వాళ్ళం సంతకాలు పెట్టాం. విత్తనం వాడుకున్నవాళ్ళు కోతలయ్యాక బస్తాకి బస్తా, పైన ఐదు కేజీలు తిరిగి పెట్టాలి. 2001 నాటి రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు వేసి మాత్రం అమ్మకూడదు. హైబ్రిడ్ వరి ఈ పద్ధతికి పనికిరాదు, దాని గింజ రెండోసారి అదే పంట ఇవ్వదు.

విత్తన మడికి పక్క రకంతో కనీసం మూడు మీటర్ల దూరం ఉండాలి. 1010ని స్వర్ణ కంటే నెల రోజులు వెనకగా పోస్తే రెండూ ఒకేసారి కోతకొస్తాయి. మొదటి విత్తనం మార్టేరు నుంచి తెచ్చుకుని మూడేళ్ళకోసారి మార్చండి. పూత దశలో ఒకసారి, గింజ ముదిరేటప్పుడు ఒకసారి చేలో దిగి కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరాలి. ఎత్తు తేడా ఉన్నది, ఆకు రంగు వేరుగా ఉన్నది, ముందే ఈనినది కనబడితే మొదలంటా పీకెయ్యండి. మా ఊరి ఆడవాళ్ళు ఈ పనిలో మాకంటే చాలా నేర్పరులు. వాళ్ళ కంటికి చిక్కని కేళీ ఉండదు. కూలీ కూడా మగవాళ్ళతో సమానంగా ఇస్తాం.

కోత మిషన్‌తో వద్దు. పక్క చేలో కోసిన రకం గింజలు మిషన్ కడుపులో ఉండిపోతాయి, ఏడాది కష్టం ఒక్క పూటలో కల్తీ అవుతుంది. పావెకరమే కదా, చేత్తో కోసి పనలు ఆరాక బల్ల మీద కొట్టుకోండి. మంచు విడిచాక వడ్లు టార్పాలిన్ మీద పల్చగా పరిచి, గంటగంటకీ తిరగేస్తూ, సాయంత్రం కప్పెయ్యాలి. తేమ 13 శాతానికి దిగాలి. రైతు సేవా కేంద్రంలో మిషన్‌తో చూపించుకోండి. అందుబాటులో లేకపోతే గింజ కొరికి చూడండి, టక్కున విరగాలి.

తర్వాత కొత్త గోనె సంచుల్లో ముప్ఫయ్యేసి కేజీలు కట్టి, రకం పేరు, కోసిన తేదీ రాసిన చీటీ లోపలొకటి, బయటొకటి పెట్టండి. చెక్కల మీద, గోడకి మూరెడు ఎడంగా పేర్చాలి. ఎరువుల బస్తాలున్న గది వద్దు. మా విత్తనం అక్కయ్య వాళ్ళ మేడ మీద గదిలో ఉంటుంది, తాళాలు రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి.

మే ఆఖర్లో మొలక చూడాలి. మూడు సంచుల నుంచి వందేసి గింజలు తీసి తడి గోనెలో చుట్టి, తడి ఆరకుండా వారం ఉంచండి. వందకి ఎనభై మొలిస్తే నిశ్చింత. డెబ్భై మొలిస్తే ఎకరానికి నాలుగైదు కేజీలు ఎక్కువ పొయ్యండి. అంతకంటే తగ్గితే జూన్ మొదటి వారంలోనే వేరే విత్తనం వెతుక్కోవచ్చు, అప్పటికింకా టైం ఉంటుంది.

నారు పోయిందని తేలాక ఎవరికి ముందు ఇవ్వాలన్నది కూడా పుస్తకంలోనే ఉండాలి. మా దగ్గర కౌలు రైతులకి మొదట ఇస్తాం. వాళ్ళకి అప్పు పుట్టదు, పంట పోయినా కౌలు కట్టాలి. నీరు తీసిన రోజునే వ్యాన్ పంపి, ఇళ్ళకి చేరగానే ఒక రోజు నానబెట్టి ఇంకో రోజు మొలకెత్తడానికి మండె (మూట) కట్టేస్తాం. కార్బెండజిమ్ మందు ఆ నానబెట్టే నీళ్ళలోనే, కేజీ విత్తనానికి లీటరు నీరు, ఒక గ్రాము మందు చొప్పున కలపాలి. నిల్వలో ఉన్న విత్తనానికి మాత్రం ఏ మందూ పట్టించకండి. ఆగస్టు 15 దాటితే ఇక నారు పోసేవాళ్ళుండరు, మిగిలింది తిండికి పనికిరావాలి.

పోయినేడు వరద రాలేదు. సంచులన్నీ మిగిలాయి. కొత్తపేటలోనే మిల్లు పట్టించి, ఆరో వంతు అక్కయ్య వాళ్ళకి ఉంచి, మిగతా బియ్యం పన్నెండు ఇళ్ళకీ సమానంగా పంచుకున్నాం.