దెయ్యం సినిమా చూసినవాళ్ల అభిప్రాయాలు రాసిపెట్టడం ఎలా

మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. నెలకొక శనివారం రాత్రి మా డాబా మీద తెల్ల దుప్పటి కట్టి, తమ్ముడి ప్రొజెక్టర్‌తో సినిమా వేస్తాం. చుట్టుపక్కల ఇళ్ల నుంచి పదిహేను మంది దాకా వస్తారు. ఎక్కువగా వేసేవి తక్కువ ఖర్చుతో తీసిన దెయ్యం సినిమాలే. పిల్లలూ ముసలివాళ్లూ కలిసి కూర్చుని చివరిదాకా చూసేవి అవే. మర్నాడు ఎలా ఉందని అడిగితే మాత్రం "బాగుంది" అనో "చెత్త" అనో తేల్చేస్తారు. రెండు గంటలపాటు వాళ్ల ముఖాలు చూసిన నాకు ఆ ఒక్క మాట చాలదు. అందుకే నాలుగేళ్లుగా కొలతల పుస్తకం వెనక పేజీల్లో అందరి మాటా రాసిపెడుతున్నాను. మీ వీధిలో కూడా ఇలా చేయాలనుకుంటే నా పద్ధతి చెబుతాను.

సినిమా వేసేముందు, తీసినవాళ్ల చేతిలో ఏముందో తెలుసుకోండి. 1981లో వచ్చిన 'ది ఈవిల్ డెడ్' సంగతి చూడండి. షూటింగ్ మొదలయ్యేనాటికి దర్శకుడు శామ్ రైమీకి ఇరవై ఏళ్లు. చవకైన 16 ఎం.ఎం. ఫిల్ముతో తీశారు. నెత్తురుకు మొక్కజొన్న పాకం వాడారు. కెమెరాను ఒక చెక్కకు బిగించి, ఇద్దరు చెరో కొస పట్టుకుని అడవిలో పరుగెత్తారు. తెర మీద దూసుకొచ్చే దుష్టశక్తి చూపు అదే. ఈ సంగతి తెలిసినవాళ్లు కెమెరా ఎందుకు ఊగుతోందని అడగరు, అది ఎవరి చూపు అని అడుగుతారు. ఈ ఒక్క ముక్క ముందుగా చెప్పండి చాలు, కథ మాత్రం చెప్పకండి.

సినిమా నడుస్తున్నప్పుడు మీరు పిట్టగోడ పక్కన, తెరా ముఖాలూ రెండూ కనిపించేచోట కూర్చోవాలి. ఫోను వెలిగించి రాస్తే పక్కవాళ్ల భయం చెడిపోతుంది. నేను నల్ల లైనింగ్ గుడ్డ ముక్కను అట్ట మీద బిగించి, గుడ్డల మీద గుర్తు పెట్టే తెల్ల సుద్దతో రాస్తాను. చీకట్లో కూడా లీలగా కనిపిస్తుంది, చప్పుడు కాదు. నవ్వితే సున్నా, అందరూ ఒక్కసారి మాట ఆపేస్తే గీత, ఎవరైనా ఫోను తీస్తే ఇంటూ. పక్కన ఒక్క మాట: నిమ్మకాయ, గిలక, పెళ్లి. మర్నాడు పొద్దున్నే పుస్తకంలోకి ఎక్కించాలి, గుడ్డ మడతపెడితే సుద్ద రాలిపోతుంది.

అన్ని సున్నాలూ ఒకటి కావు. నేను నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. మొన్న వేసిన సినిమాలో మంత్రగాడు ముగ్గు మధ్య కూర్చుని నిమ్మకాయ కోయబోతే అది దొర్లిపోయింది. ఆ నటుడు మంత్రం ఆపకుండానే చేయి చాచి పట్టుకున్నాడు. డాబా మొత్తం నవ్వింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ నవ్వులో అతని మీద ఇష్టముంది. ఆ తర్వాత నత్తిగా మాట్లాడే పనివాడిని వెక్కిరించే కామెడీ వచ్చింది. ఇద్దరు నవ్వారు, మిగిలినవాళ్లు మంచినీళ్ల కోసం లేచారు. ఇంకోచోట దెయ్యం తలుపు వెనక ఉందని తెలిసి ముందే నవ్వేశారు, అది భయాన్ని ఆపుకునే నవ్వు. మూడింటినీ "నవ్వారు" అని రాస్తే ఆ సినిమాకు అన్యాయం జరుగుతుంది.

సినిమా అయిపోగానే ప్రశ్నలు వేయకండి. మరమరాలు, టీ ఇచ్చి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత ముందు పిల్లలను అడగండి. పెద్దవాళ్లు నోరు విప్పారంటే పిల్లలు మాట మార్చేస్తారు. "ఎలా ఉంది?" అనే ప్రశ్న వద్దు. "ఎక్కడ కళ్లు మూసుకున్నావు?", "ఎవరి చేయి పట్టుకున్నావు?", "ఏ ముక్క కోసేస్తే బాగుండేది?" అని అడగండి.

ఒక్కొక్కరు తమ పని కళ్లతో చూస్తారు, దాన్ని వదులుకోవద్దు. కరెంటు పని చేసే అన్న, బల్బు కొట్టుకుంటున్నా పక్కనే ఫ్యాను ఒకే వేగంతో తిరుగుతోందని పట్టుకున్నాడు. అదే సినిమాలో దెయ్యం ఉండేది మూడు వందల ఏళ్ల మర్రిచెట్టు అన్నారు. చూపించిన చెట్టుకు ఒక్క ఊడ లేదు. మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో దాదాపు 3 ఎకరాలు కమ్ముకున్న పిల్లలమర్రి ఉంది. వయసు 700 ఏళ్లని చెబుతారు. చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించుకున్నాం. పాలమూరువాళ్లకు మర్రి అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? పక్కింటి అవ్వ చాలా బాధగా అంది: "ఊడలు లేని మర్రిలో దెయ్యం ఏం పట్టుకుని ఉంటుందమ్మా?" ఆ మాటను ఉన్నదున్నట్టు రాశాను.

తర్వాత తప్పులను రెండు వరసలుగా విడదీయండి: లేమి, అశ్రద్ధ. బంగళా గోడ అట్టతో చేశారని తెలిసిపోవడం లేమి, దాన్ని క్షమించవచ్చు. నా కన్ను ఆగింది చీర దగ్గర. వందేళ్ల కిందట చనిపోయిన జమీందారు భార్య మెరిసే పాలిస్టర్ చీరలో వచ్చింది, అంచున మిషన్ కుట్టు ఫాల్ కూడా కనిపిస్తోంది. పెట్టె అడుగున పాత నేత చీర లేని ఇల్లు గద్వాల, నారాయణపేట వైపు అరుదు. అడిగితే ఎవరైనా ఇచ్చేవారు, పైసా ఖర్చు లేదు. కాబట్టి దాన్ని అశ్రద్ధ వరసలో రాశాను, గట్టిగానే రాశాను. డబ్బు లేకపోయినా శ్రద్ధ పెట్టినవాళ్ల పక్కన వీళ్లను నిలబెట్టలేను.

నిజానికి ఆ సినిమాలోనే శ్రద్ధ కూడా ఉంది. అర్ధరాత్రి పెరట్లో ఎవరూ లేకుండా బావి గిలక కిర్రుమని తిరుగుతుంది, తాడు నెమ్మదిగా లోపలికి దిగిపోతుంది. సంగీతం లేదు. ఒక గిలక, ఒక తాడు, అంతే. నా గుడ్డ మీద అన్నిటికన్నా పొడవైన గీత అక్కడే ఉంది.

పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు పేర్లు వద్దు, "ఎదురింటి తాత", "ఇంటర్ చదివే అమ్మాయి" అంటే సరిపోతుంది. ముగింపు బయటపెట్టకండి. ఇద్దరి మాట పొసగకపోతే రెండూ రాయండి, సగటు తీయకండి. నేను మార్కులు కూడా వేయను. అవ్వ బాధనూ పిల్లల చప్పట్లనూ కలిపి పదికి ఆరు అని ఎలా రాస్తాం?

పేజీ అడుగున రెండు గీతలు ఖాళీగా వదలండి. నెల తర్వాత మళ్లీ అడగాలి, ఆ మాట కోసం. కింది వాటాలో ఉండే ఆరో తరగతి పిల్లవాడికి ఆ దెయ్యం ముఖం గుర్తులేదు, మంత్రగాడు గుర్తులేడు. "పొద్దున నువ్వు షట్టర్ ఎత్తుతావు కదా అత్తా, ఆ చప్పుడు వింటే గిలక గుర్తొస్తుంది" అన్నాడు. ఖాళీ గీత మీద తేదీ వేసి అదే రాశాను.