పారదర్శకమైన పూత మందాన్ని కాంతితో కొలవడం ఎలా

రంగులేని వార్నిష్ గానీ, లెన్స్ మీది పూత గానీ, సిలికాన్ మీది ఆక్సైడ్ పొర గానీ, గీతపడకుండా మందం తెలియాలంటే నేను ముందు వెళ్లేది స్పెక్ట్రోమీటర్ దగ్గరికే, అంటే కాంతిని రంగులుగా విడదీసి ఏ రంగు ఎంత ఉందో కొలిచే పరికరం దగ్గరికే. పూత పైముఖం నుంచి కొంత కాంతి వెనక్కొస్తుంది, అడుగు నుంచి ఇంకొంత వస్తుంది, ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడి కొన్ని తగ్గిపోతాయి. తడి రోడ్డు మీద నూనె చుక్కలో కనిపించే రంగులు ఇవే. స్పెక్ట్రోమీటర్ దీన్నే అలల గ్రాఫ్‌గా చూపిస్తుంది. అలలు ఒత్తుగా ఉంటే పూత మందం, ఎడంగా ఉంటే పలచన.

ముందు దీపం వెలిగించి ఓ అరగంట వదిలేయండి, వేడెక్కేదాకా దాని వెలుతురు మారుతూనే ఉంటుంది. తర్వాత కాంతిని మూసేసి డార్క్ రీడింగ్, పూత లేని సిలికాన్ ముక్క మీద, పోల్చి చూసుకోవడానికి, రిఫరెన్స్ రీడింగ్ తీసుకోండి. నమూనాని కూడా సరిగ్గా అదే ఎత్తులో పెట్టాలి.

నమూనా గాజో ప్లాస్టికో అయితే వెనక ముఖం నుంచి కూడా కాంతి తిరిగొచ్చి గ్రాఫ్‌ని పాడుచేస్తుంది. వెనక వైపు గరుకు కాగితంతో రుద్దండి, రుద్దకూడని వస్తువైతే గాలిబుడగలు లేకుండా నల్ల టేపు అంటించండి.

ఇప్పుడు గ్రాఫ్ చూడండి. పక్కపక్కనే ఉన్న రెండు శిఖరాలు 600, 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర ఉన్నాయనుకుందాం. రెండింటినీ గుణించి, వాటి తేడాకి రెట్టింపుతోనూ, పూత వక్రీభవన గుణకంతోనూ (పూతలో కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) భాగించాలి. గుణకం 1.5 అయితే 2600 నానోమీటర్లు, అంటే 2.6 మైక్రాన్లు. గుణకం తరంగదైర్ఘ్యంతో కొద్దిగా మారుతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే, అయినా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెని నమ్మే ముందు ఈ లెక్క చేతితో ఒకసారి వేసుకోండి. ఒకే నమూనాకి నాకు ఉదయం 1.8, మధ్యాహ్నం 2.0 మైక్రాన్లు వచ్చిన రోజుంది. పూత మారలేదు, సాఫ్ట్‌వేర్ ఒక అలని తప్పుగా లెక్కపెట్టింది, అంతే. 600 నానోమీటర్ల దగ్గర ఒక్క అల తేడా అంటే సుమారు 200 నానోమీటర్లు! అందుకే అంకె కంటే ముందు, కొలిచిన గీతా సాఫ్ట్‌వేర్ లెక్కగట్టిన గీతా ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయో లేదో చూడాలి.

గుణకం విషయంలో అసలు రాజీపడొద్దు. ఈ పద్ధతిలో మనకి దొరికేది మందమూ గుణకమూ కలిసిన లబ్ధం, కాబట్టి గుణకం 2 శాతం తప్పితే మందం కూడా అంతే తప్పుతుంది. పూర్తిగా ఆరని పూతకి, ఆరిన పూతకి గుణకం ఒకటే ఉండదు.

అలలు అసలు కనబడకపోతే టెన్షన్ పడొద్దు, కారణాలు కొన్నే. పూత గుణకం, కింది వస్తువు గుణకం దాదాపు ఒకటే అయితే అడుగు నుంచి కాంతి వెనక్కి రాదు. గాజు మీద సిలికా పూత, 1.52 మీద 1.46, అలాంటిదే, అలలు చాలా బలహీనంగా ఉంటాయి. ఉపరితలం గరుకుగా ఉన్నా, కాంతి మచ్చ పడిన చోటే మందం మారుతున్నా అలలు చెదిరిపోతాయి, అప్పుడు మచ్చని చిన్నది చేసి చూడండి. పూత 100 నానోమీటర్ల కంటే పలచనైతే పూర్తి అల ఏర్పడే చోటే ఉండదు, దానికి ఎలిప్సోమీటర్ కావాలి. అది కాంతిని ఏటవాలుగా, తరచుగా 65 నుంచి 75 డిగ్రీల కోణంలో వేసి ధ్రువణంలో, అంటే కాంతి తరంగం కంపించే తీరులో, వచ్చిన మార్పుని చూస్తుంది. మరీ మందమైన పూతలో అలలు ఒకదాన్నొకటి ఒరుసుకుని స్పెక్ట్రోమీటర్‌కి విడిగా అందవు, అక్కడ ఫోకస్ కుదిరిన చోటుని బట్టి దూరం కొలిచే కన్ఫోకల్ సెన్సర్ వాడి, పూత పైముఖానికీ అడుగుకీ మధ్య వచ్చిన దూరాన్ని గుణకంతో గుణించండి.

మొదలుపెట్టే ముందు, ముగించే ముందు, మందం తెలిసిన ఆక్సైడ్ నమూనాని ఒకసారి కొలవండి. ప్రతి రీడింగ్ పక్కన మీరు వాడిన గుణకాన్ని కూడా రాసుకోండి, తర్వాత సరైన గుణకం తెలిస్తే మళ్లీ కొలవకుండానే చాలావరకు సరిదిద్దుకోవచ్చు.