కళ్లజోడు షాపులో పనిచేయాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

డాక్టర్ రాసిన పవర్ సరైనదే, లెన్స్ కూడా మంచిదే. అయినా కొత్త అద్దాలు పెట్టుకుంటే తల తిరుగుతోందని మనిషి వెనక్కి వస్తాడు. చాలాసార్లు తేడా వచ్చేది షాపులో తీసిన కొలతలోనే. అందుకే ఫ్రేములు అమ్మడం కంటే ముందు కొలవడం నేర్చుకోండి.

మొదట చీటీ. ప్లస్సా, మైనస్సా అన్నది రెండుసార్లు చూడండి. సిలిండర్ పవర్ (ఒక దిశలో మాత్రమే చూపును సరిచేసే పవర్) ఉంటే పక్కన యాక్సిస్, అంటే ఆ దిశను చెప్పే కోణం, 1 నుంచి 180 లోపు ఏదో ఒక అంకె ఉండి తీరాలి. లేకపోతే ఊహించి వేయకండి, రాసినవాళ్లనే అడగండి.

తర్వాత పీడీ, అంటే రెండు కనుపాపల మధ్య దూరం. ఎదుటివారి కళ్ల ఎత్తులోనే, సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో కూర్చోండి. పీడీ స్కేలును వారి ముక్కు మీద ఆనించండి. మీ కుడి కన్ను మూసి, తెరిచి ఉన్న మీ ఎడమ కన్ను వైపు వారిని చూడమనండి. సున్నాను వారి కుడి కనుపాప మధ్యకు తెచ్చాక స్కేలు కదలకూడదు. ఇప్పుడు మీ ఎడమ కన్ను మూసి, తెరిచిన మీ కుడి కన్ను వైపు వారిని చూడమని, వారి ఎడమ కనుపాప మధ్య ఎంత ఉందో చదవండి. అదే దూరం చూపు పీడీ. ఇంట్లోవాళ్ల మీద సాధన చేయండి, మూడుసార్లూ ఒకే అంకె వచ్చేదాకా వదలొద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటే, 6 పవర్ లెన్స్ కేంద్రం 5 మిల్లీమీటర్లు జరిగితే కంటి మీద 3 ప్రిజం (వెలుగు ఎంత పక్కకు వంగుతుందో చెప్పే కొలత) భారం పడుతుంది. 1 పవర్‌లో అదే తప్పుకు అర ప్రిజమే. పవర్ పెరిగేకొద్దీ మీ చేతి మీద బాధ్యత పెరుగుతుంది.

బైఫోకల్‌కు, అంటే దూరం చూపు, దగ్గర చూపు పవర్లు గీతతో విడిగా ఉండే లెన్స్‌కు, ఎత్తు గుర్తు పెట్టేముందు ఫ్రేమును ముఖానికి సరిచేయాలి. చాలామంది ఇది మర్చిపోతారు. గీత సాధారణంగా కింది రెప్ప అంచు దగ్గరికి రావాలి. గీత లేకుండా పవర్ మెల్లగా మారే ప్రోగ్రెసివ్‌కైతే గుర్తు కనుపాప మధ్యలోనే.

తయారైన అద్దాలను లెన్సోమీటర్‌లో (లెన్స్ పవర్ కొలిచే పరికరంలో) పెట్టి చీటీతో పోల్చండి. ఇచ్చేటప్పుడు ముక్కు దగ్గర, చెవుల వెనక నొక్కుతోందేమో అడగండి. ఒకసారి తల వంచమనండి, జారితే అక్కడికక్కడే సరిచేయండి. దగ్గర చూపు అద్దాలైతే చేతికి పేపరిచ్చి, వారు రోజూ చదివే దూరంలోనే పట్టుకుని చదవమనండి.