నీలగిరి తైలం కొనేటప్పుడు

నీలగిరి తైలం సీసా మీద ‘స్వచ్ఛమైనది’ అని రాసి ఉందా అన్నదాని కన్నా, మొక్క శాస్త్రీయ నామం, తీసిన పద్ధతి, బ్యాచ్ సంఖ్య ఉన్నాయో లేదో ముందుగా చూడండి. దీని ఘాటుకు మూలమైన సినియోల్ అనే పదార్థం కనీసం 70 శాతం ఉండాలని ఐరోపా ఔషధ ప్రమాణాల గ్రంథమైన యూరోపియన్ ఫార్మకోపియా నిర్దేశిస్తోంది కనుక, ఆ బ్యాచ్‌కు చెందిన గ్యాస్ క్రొమటోగ్రఫీ (తైలంలో ఏ పదార్థం ఎంత ఉందో తేల్చే పరీక్ష) నివేదికను అడగడమే అన్నిటికన్నా నమ్మకమైన మార్గం. ఇంట్లోనైతే తెల్ల కాగితంపై ఒక చుక్క వేసి, పూర్తిగా ఆరనిచ్చి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. జిడ్డు మరక మిగిలితే వంటనూనె వంటిదేదో కలిసిందని అనుమానించవచ్చు. అయితే స్పిరిట్ కల్తీ ఈ పరీక్షకు దొరకదు. వట్టివేళ్ళ నూనె, గంధపు నూనె వంటి చిక్కటివి మాత్రం ఏ కల్తీ లేకపోయినా చాలాసేపు ఆరవు కాబట్టి, వాటిని ఈ మరకను బట్టి తప్పుపట్టడం న్యాయం కాదు.