వెల్డ్‌మెష్ జాలీ కొంటున్నారా? తీగ మందం ఇలా చూసుకోండి

గోడౌన్‌లో సరుకు విడిగా పెట్టి తాళం వేసుకోవాలన్నా, పార్కింగ్‌లో ఓ మూలను స్టోర్‌రూమ్ చేసుకోవాలన్నా వెల్డ్‌మెష్ జాలీతో, అంటే అడ్డం నిలువు తీగల్ని వెల్డింగ్‌తో అతికిన జాలీతో, పార్టిషన్ వేసేస్తాం. షాపుకి వెళ్లగానే కన్ను (జాలీలో ఒక్కో గడి) ఎంత, రేటెంత అని అడుగుతాం. తీగ మందం మాత్రం షాపువాడి నోటిమాటకే వదిలేస్తాం. నేనూ అలాగే మోసపోయాను.

ముందు తీగ మందాన్ని చెప్పే గేజి నంబరు లెక్క తెలుసుకోండి. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. పూర్వం తీగను ఒకదానికన్నా ఒకటి చిన్నదైన రంధ్రాల్లోంచి లాగి సన్నం చేసేవారు. ఎక్కువసార్లు లాగితే నంబరు ఎక్కువ, అంతే. మన షాపుల్లో గేజి అంటే మామూలుగా ఎస్‌డబ్ల్యూజీ, అంటే బ్రిటిష్ వాళ్ల స్టాండర్డ్ వైర్ గేజ్. 8 గేజి 4.06 మిల్లీమీటర్లు, 10 గేజి 3.25, 12 గేజి 2.64, 14 గేజి 2.03. అమెరికా లెక్కలో 10 గేజి ఉక్కు తీగ 3.43 ఉంటుంది. ఈ గొడవంతా ఎందుకు, కొటేషన్‌లోనే మిల్లీమీటర్లు రాయించుకోండి.

తర్వాత ఎంత మందం కావాలో తేల్చుకోండి. 3, 4 మిల్లీమీటర్ల తీగలు పక్కపక్కన పెడితే పెద్ద తేడా కనిపించదు. కానీ వంగకుండా నిలబడే బిగువు 4 మిల్లీమీటర్ల తీగకు మూడు రెట్లకు పైనే. బరువు అంతలా పెరగదు: 50 మిల్లీమీటర్ల కన్ను జాలీ చదరపు మీటరుకి ఒకటి 2.2 కిలోలు, రెండోది దాదాపు 4 కిలోలు. బస్తాలు ఒరిగే చోట, ట్రాలీలు తగిలే చోట 4కి తగ్గవద్దని నా అభిప్రాయం. ఊరికే అడ్డుగా ఉంటే చాలనుకుంటే 3 సరిపోతుంది. అన్నట్టు, కన్ను కొలత తీగ మధ్య నుంచి తీగ మధ్యకు చెబుతారు. 50 అంటే 4 మిల్లీమీటర్ల తీగ పోను ఖాళీ 46 మాత్రమే.

కొలిచేటప్పుడు వెర్నియర్‌ని (మందం కొలిచే పరికరం) అతుకుకి దూరంగా, తీగ నడిమధ్యన పెట్టండి. అతుకు దగ్గర తీగ నొక్కుకుపోయి ఉంటుంది. పీవీసీ పూత ఉంటే ఒకచోట గీకి లోపలి తీగనే కొలవండి. పూత మందం కూడా కలిపి చెప్పే షాపులున్నాయి.

వెర్నియర్ లేదా? తూకం చాలు. మీటరు పొడవు తీగ ముక్క, పూత ఉంటే ఒలిచేసి, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి. మిల్లీమీటర్లలో వ్యాసాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 4 మిల్లీమీటర్ల తీగ 99 గ్రాములు, 3 మిల్లీమీటర్లది 56 గ్రాములు తూగాలి.

నాకు 10 గేజి అని చెప్పి జాలీ పంపారు. బిగించాక చేత్తో నెడితే దుప్పటిలా లోపలికి పోయింది. మిగిలిన ముక్క తూచాను. 65 గ్రాములు ఉండాల్సింది 43 చూపించింది. అది 12 గేజి! అప్పటికే జాలీ కోసేశాం కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. ఇప్పుడు ముందే శాంపిల్ ముక్క తెచ్చుకుంటున్నాను, లోడు వచ్చాక ఆటో డ్రైవర్ ఎంత తొందరపెట్టినా ఒక తీగ కోసి తూచాకే దించనిస్తున్నాను.