తెలుగు, ఒడియా ఒకే బోర్డు మీద పొసగకపోతే

ఒడిశాలోని బరంపురం షాపు బోర్డుల మీద రెండు లిపులూ పక్కపక్కన పెడితే అతుకు వేసినట్టే కనిపించేవి. ఫాంట్లు, రంగులు మార్చినా, నెట్‌లో వందల నమూనాలు చూసినా లాభం లేకపోయింది.

దారి చూపింది గుండ్రం. ఒడియా ‘ఠ’, తెలుగు సున్న రెండూ నిండు వలయాలే. 5 మి.మీ. చదునుమొన కలాన్ని 30 డిగ్రీల వాలులో పట్టుకుని ముందు ఆ రెండూ ఒకే కొలతలో రాశాను. తర్వాత ఒడియా అక్షరాల పైకప్పు వంపు, ఆపైన అదే వాలుతో మన తలకట్టు. చివరికి స్కాన్ చేసి, పాయింట్ సైజు (కంప్యూటర్ చూపే అక్షరాల సైజు అంకె) పట్టించుకోకుండా వలయాల ఎత్తు కలిపాను. గీత పలచనైతే లావు చేయడానికి చుట్టూ అవుట్‌లైన్ వేయొద్దు, ‘ణ’ లోపలి ఖాళీ పూడిపోతుంది. ఫాంటులో బోల్డ్ (లావు గీతల) రకమే తీసుకోండి. ‘స్త్రీ’ లాంటి వత్తులకు వరుసల ఎడం ఒకటిన్నర రెట్లు ఉంచాలి.

ఇది రెండు మూడు మాటల పేర్లకు కుదిరింది. శుభలేఖల చిన్న అక్షరాలకు ఇవే కొలతలు నమ్ముకోకండి, ఒక ప్రింటు తీసి చూడండి.